ట్యాంకు మూత

సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. సైలెన్సర్‌లోంచి నల్లదో తెల్లదో కాస్త పొగ రావాలి. అదీ రావడం లేదు. పొగ లేదంటే డీజిల్ లోపలికి పోవడం లేదన్నమాట. ముత్యం తాళం వెనక్కి తిప్పి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు.

సుల్తానాబాద్ పొలిమేరలోని శ్యాంసుందర్‌రావు మామిడితోటలో ఆ చిన్న ట్రాక్టర్ దిగిన రోజు నుంచీ దాని సీటు మీద కూర్చున్నది ముత్యమే. చెట్ల వరుసల మధ్య పెద్ద ట్రాక్టర్ తిరగదు, కొమ్మలు విరుగుతాయి. ఇది మాత్రం తల వంచుకుని పోయే మనిషిలా కొమ్మల కింద నుంచి దూరిపోతుంది. దుక్కి దున్నడం, మందు కొట్టడం, కాయ మోయడం, అన్నీ దానితోనే. అలాంటి బండి దసరా వెళ్లిన కొన్నాళ్లకు మొండికేసింది. పొద్దున్నే అందుకోదు. తంటాలు పడి లేపితే నాలుగు వరుసలు దున్ని, ఎవరో గొంతు పిసికినట్టు గురగురమని ఆగిపోతుంది. పూత రాకముందే దుక్కి అయిపోవాలి. సగం తోట ఇంకా గడ్డిలోనే ఉంది.

దిగి, బానెట్ పక్క రేకు విప్పాడు. ఫిల్టర్ నెత్తి మీదున్న చిన్న నట్టుకు పాన వేసి వదులు చేశాడు. పైపులో గాలి చేరితే అక్కడి నుంచి నురగలా బయటికి వస్తుంది. నురగంతా పోయి అచ్చమైన డీజిల్ కారినప్పుడు నట్టు బిగించాలి. ఎయిర్ తీయడమంటారు దీన్ని. కారే డీజిల్ నేలపాలు కాకుండా ముత్యం కింద ఒక కూల్‌డ్రింక్ సీసా పడతాడు. ఈసారి నురగ కాదు గదా, చుక్క కూడా రాలేదు.

అప్పుడు రోజూ చేసే పనే చేశాడు. బానెట్ మీదికి పొడుచుకొచ్చిన ట్యాంకు మూత తిప్పి తీసి, వేపపుల్ల లోపల ముంచి చూశాడు. డీజిల్ సగం పైనే ఉంది. పుల్ల తుడుచుకుని కిందికి వంగేసరికి నట్టు దగ్గర బుడబుడమని కారడం మొదలైంది. సీసా పట్టి, నురగ పోయాక నట్టు బిగించి, సీసాలోది మళ్లీ ట్యాంకులో పోసి మూత పెట్టాడు. సెల్ఫ్ కొడితే బండి ఒక్క దెబ్బకు అందుకుంది.

పుల్ల ముంచితే బండి లేస్తోంది. ఎందుకు లేస్తోందో ముత్యానికి తెలియదు. మూత తీసేటప్పుడు సన్నగా ఏదైనా చప్పుడు వచ్చినా అతనికి వినపడదు. ఏళ్ల తరబడి ఇంజన్ పక్కన బతికిన చెవులు అలాంటి చప్పుళ్లను ఎప్పుడో వదిలేశాయి. మెకానిక్ అంజన్నకు చెబుదామనుకున్నాడు గానీ, పుల్ల ముంచితే ట్రాక్టర్ స్టార్ట్ అవుతుందంటే ఎవడైనా నవ్వుతాడు. అంజన్న వచ్చినప్పుడల్లా ముందుగా మూత తీసి లోపలికి తొంగి చూసేవాడు. ఏ మెకానిక్ అయినా మొదట చేసేది అదే. ఆ తర్వాత ఫిల్టర్ మార్చాడు, పైపు మార్చాడు, బండి హాయిగా నడిచింది. "ఇగ ఫికర్ లేదు మామా" అని బైకెక్కి పోయాడు. మర్నాడు మళ్లీ మొదటికే వచ్చింది.

ఆ మధ్యాహ్నం బండి తోట నడిమధ్యలో ఆగింది. కొంచెం అవతల సత్తమ్మ, మరికొందరు కైకిలి ఆడవాళ్లు చెట్ల పాదుల్లో గడ్డి తీస్తున్నారు. ముత్యం మళ్లీ రేకు విప్పాడు, మూత తీశాడు, ఎయిర్ తీశాడు. మూత బానెట్ మీద ఉంది, సీసా నిండా డీజిల్‌తో చేయి ట్యాంకు దగ్గర ఉంది. సరిగ్గా అప్పుడు శ్యాంసుందర్‌రావు కారు గేటు దగ్గరే ఆపేసి చెట్ల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చాడు. కరీంనగర్ నుంచి ఆయన ఎప్పుడూ చెప్పకుండానే వస్తాడు. తోట ఆయనది, చెప్పి రావలసిన పని లేదు.

"ఏం చేస్తున్నవ్ ముత్యం?"

"ఎయిర్ తీసిన దొరా. గీ డీజిల్ మల్ల పోస్తున్న."

"పోస్తున్నవా, తీస్తున్నవా?"

ముత్యానికి మొదట ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక సీసా పట్టుకున్న చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పోస్తున్న దొరా. నట్టు ఇప్పితె కారుతది కదా. నేలల పోవుడెందుకని పడుతున్న."

శ్యాంసుందర్‌రావు గొంతు పెంచే మనిషి కాదు. గొంతు పెంచితే ఎదుటివాడు కూడా పెంచవచ్చు. ఆయన నెమ్మదిగా అడుగుతాడు, దానికి ఎలా బదులు చెప్పాలో ఎవరికీ తెలియదు. "అంజన్న వచ్చి ఫిల్టర్ మార్చిండు, పైపు మార్చిండు. ఏం రోగం లేదన్నడు. ఆయన ముంగట మంచిగనే నడిచింది. నీ ఒక్కని దగ్గరనే ఎందుకు ఆగుతది? డీజిల్ గూడ మునుపటి లెక్క వస్తలేదు. నాకు తెలుస్తలేదనుకున్నవా?"

"పొద్దంత గిట్ల ఆగుడు, లేపుడు అయితున్నది దొరా. గందుకే ఎక్కువ తాగుతున్నది. మూత తీసి పుల్ల ముంచితె మల్ల స్టార్ట్ అయితది."

పాదుల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. కుళ్లుతో నవ్విన నవ్వు కాదు. పుల్ల మాట వింటే నవ్వు రాక ఏం చేస్తుంది. కానీ ఆ నవ్వుతో అక్కడ న్యాయం తేలిపోయింది.

"కిష్టవ్వకు పానం బాగుంటలేదని నాకు తెలుసు ముత్యం" అన్నాడు శ్యాంసుందర్‌రావు, ఇంకా మెత్తగా. "దావఖాన ఖర్చు ఉంటది. అడుగుతె ఇయ్యనా? గీ సీసాలల్ల పట్టుకపోవుడెందుకు?"

తిట్టినా ముత్యం తట్టుకునేవాడు. ఆ జాలి మాత్రం అతని మెడ వంచేసింది. పెళ్లాం జబ్బుకు దొంగతనం చేశాడని అంటే ఎవరైనా నమ్ముతారు. అయ్యో పాపం అంటూనే నమ్ముతారు. 

"జర కొన్ని రోజులు ఇంటికాడ ఉండు. తాళంచెవి ఇయ్యి."

ముత్యం సీసాలో ఉన్నది చుక్క మిగలకుండా ట్యాంకులో పోశాడు. మూత బిగించాడు. నట్టు బిగిసిందో లేదో వేలితో చూశాడు. పాన తుడిచి డబ్బాలో పెట్టాడు. తాళంచెవి రెండు చేతులతో దొర చేతిలో పెట్టి, టిఫిన్ డబ్బా తీసుకుని గేటు వైపు నడిచాడు. సత్తమ్మ లేచి నిలబడి "అన్నా" అని పిలిచింది. అతను వెనక్కి చూడలేదు.

అతను ఇల్లు చేరేలోపే వార్త చేరింది. ఎవరు మోశారో అడగడం అనవసరం. గుమ్మం దగ్గర కూతురు జమున నిలబడి ఉంది. భర్త దుబాయిలో ఉండటంతో ఆమె పక్క గల్లీలోనే ఇల్లు తీసుకుని, తల్లిని చూసుకుంటూ మిషన్ కుట్టుకుంటోంది. తండ్రి కాళ్లు కడుక్కునేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

"నిజమేనా బాపు?"

ముత్యం తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ ఆగిపోయాడు. "నువ్వు గూడ అడుగుతున్నవా బిడ్డా?"

"అట్ల కాదు బాపు. అందరు అంటున్నరు..." జమున మాట పూర్తి చేయలేక చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

కిష్టవ్వ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కాళ్లకు నీరు దిగి పాదాలు బూరెల్లా పొంగాయి. మూత్రపిండాలు పాడై వారానికి రెండుసార్లు కరీంనగర్ పోయి రక్తం కడిగించుకుంటోంది. చూపు కూడా మసకబారింది. అయినా నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు. ముత్యాన్ని ఏదో ఒకటి అనకుండా ఆమెకు పొద్దు పోదు. ఈ రోజు ఎన్ని మాటలంటుందోనని అతను భయపడుతూ లోపలికి వెళ్లాడు.

ఆమె ఏమీ అనలేదు. జమునను పిలిచి బాపుకు అన్నం పెట్టమంది. తనే మంచం దిగి వచ్చి పక్కన కూర్చుని, అతని పళ్లెంలోకి తన వాటా గుడ్డు కూడా వేసింది.

"నాకెందుకు? నువ్వు తిను."

"నా నోటికి సయిస్తలేదు. తిను నువ్వు."

"కిష్టీ, నేను తియ్యలే."

"తిను ముందుగాల. తిన్నంక మాట్లాడుదాం." ఆమె అతని భుజం మీద చేయి వేసి తీసింది. కాపురానికి వచ్చిన కొత్తలో తప్ప ఆమె అలా చేయి వేసిన గుర్తు ముత్యానికి లేదు. ఆమె చూస్తోందని తిన్నాడు. తిన్నాక ఆమె నిద్రపోయింది, మాట్లాడలేదు.

మర్నాడు కరీంనగర్ బస్సు. ఆధార్ కార్డు చూసి కండక్టర్ కిష్టవ్వకు సున్నా టికెట్ కొట్టాడు, ముత్యం తన టికెట్‌కు చిల్లర ఇచ్చాడు. కిటికీ పక్కన ఆమెను కూర్చోబెట్టి, కాళ్ల కింద సంచి పెట్టి పాదాలు ఆనేలా చేశాడు. రోడ్డు పొడుగునా కోసిన వరి ఆరబోశారు. బస్సు ఒక పక్కకు ఒరుగుతూ పోతోంది.

"ఇగో, ఒక మాట అడుగుత. కోపానికి రావద్దు" అంది కిష్టవ్వ.

"అడుగు."

"ఎన్నొద్దుల సంది తీస్తున్నవ్?"

ముత్యం ముందు సీటు కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు. "నేను తియ్యలే కిష్టీ. నీ మీద ఒట్టు. ఎయిర్ తీసినప్పుడు కారిన డీజిల్ మల్ల ట్యాంకుల పోస్తుంటె దొర చూసిండు. గంతే."

"సరే సరే. తియ్యలే." నిద్రలో కలవరించే పిల్లవాణ్ని జోకొట్టినట్టు అంది. "మల్ల మూత ఎందుకు తీస్తున్నవ్ మాటిమాటికి?"

"తీస్తె బండి లేస్తున్నది."

ఆమె చప్పరించి కిటికీలోంచి బయటికి చూసింది. అబద్ధం చెప్పడం కూడా రాని మొగుడు దొరికాడని ఆమె ముఖంలోనే కనిపించింది. కొంతసేపటికి మళ్లీ అతని వైపు తిరిగింది.

"జమున కడుపుల ఉన్నప్పుడు పుల్లగ తినబుద్ధి అయితున్నది, ఒక్క మామిడికాయ తెమ్మన్న. యాదికున్నదా?"

"ఉన్నది."

"తోట నిండ కాయ ఉండె. కింద రాలినయి గూడ ఉండె. దొర ఊర్ల లేడు, అడగకుంట ఎట్ల తెస్తనన్నవ్. తేలేదు. అంగట్ల కొనుక్కొచ్చి ఇచ్చినవ్. నేను తినలే, పారేసిన." కిష్టవ్వ నవ్వింది. పొంగిన ముఖంలో ఆ నవ్వు కాస్త ఆలస్యంగా విచ్చుకుంది. "గా మనిషి నా కోసం గింత పని జేసిండా అని రాత్రి అటుదిక్కు తిరిగి ఏడ్సిన. తప్పే. తప్పు కాదంటలేను. రేపటి సంది చెయ్యకు. కని..." అతని చేతిని తీసి తన ఒడిలో పెట్టుకుంది.

ముత్యం చేయి వెనక్కి లాక్కోలేదు. లాక్కోవాలనిపించింది. తోటలో అందరి ముందూ దొంగ అనిపించుకున్నప్పుడు కూడా ఇంత ఒంటరిగా లేడు. దొర నమ్మకపోతే పోయాడు, కైకిలి వాళ్లు నమ్మకపోతే వాళ్ల ఖర్మ. కిష్టవ్వ ఒక్కతి నమ్మితే తల ఎత్తుకుని ఇంకెక్కడైనా పని చేసుకునేవాడు. ఈమె నమ్మకపోగా క్షమించేసింది, ప్రేమగా చూస్తోంది. చేయని దొంగతనానికి పెళ్లాం చేత గారాబం చేయించుకోవడం కన్నా నాలుగు దెబ్బలు తినడం నయమనిపించింది అతనికి.

ఆసుపత్రిలో కిష్టవ్వను మిషన్ దగ్గర పడుకోబెట్టి ముత్యాన్ని బయటికి పంపించేశారు. వరండాలో గోడవారన చతికిలబడి, ముత్యం అదే ఆలోచించాడు. దేవుడి మీద ఒట్టేసినా ఆమె "సరే సరే" అనే అంటుంది. మాటలతో అయ్యేది కాదు. బండికి ఏదో రోగముంది. ఆ రోగం బయటపడాలి, దాన్ని చూపించి ఇదీ సంగతి అనాలి. నవ్వితే నవ్వనీ, రేపు అంజన్నకు పుల్ల సంగతి చెప్పేయాలనుకున్నాడు. ఆ నిశ్చయంతో కాస్త ఊపిరి తిరిగింది.

అంజన్న షెడ్డు సుల్తానాబాద్ మెయిన్‌రోడ్డు మీద ఉంది. మర్నాడు ముత్యం వెళ్లేసరికి అతను ఒక వరికోత మిషన్ కింద పడుకుని పని చేస్తున్నాడు. ముత్యం అక్కడే గొంతుక్కూర్చుని, మిషన్ కిందికి చూస్తూ మొత్తం చెప్పాడు. పొద్దున చుక్క రాకపోవడం, పుల్ల ముంచగానే కారడం, నాలుగు వరుసలు దున్నాక మళ్లీ ఆగడం. అంజన్న నవ్వలేదు. పాక్కుంటూ బయటికొచ్చి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"మూత తీసినప్పుడు సుయ్యిమని చప్పుడైతున్నదా మామా?"

"నాకేం ఇనవడ్తది అంజన్నా?"

"గీ ముచ్చట ముందే ఎందుకు చెప్పలే నువ్వు?" అంటుండగానే అతని ఫోన్ మోగింది. చూసి కళ్లెగరేశాడు. "దొరనే."

దొర ఇంకో డ్రైవర్‌ను వెతకలేదు. దుక్కి ఆలస్యమవుతోందని తనే ట్రాక్టర్ ఎక్కాడట. అది నడిమిట్ల ఆగిపోయిందట. అంజన్న ముత్యాన్ని బైకు వెనక కూర్చోబెట్టుకుని తోటకు తీసుకుపోయాడు.

వాళ్లు వెళ్లేసరికి శ్యాంసుందర్‌రావు ట్రాక్టర్ పక్కన నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా మోచేతి దాకా డీజిల్ మరకలు. ఒక చేతిలో ట్యాంకు మూత, ఇంకో చేతిలో ఎండుపుల్ల. డీజిల్ ఉందో లేదో చూస్తున్నాడు. ముత్యం అచ్చం అలాగే నిలబడేవాడు. ముత్యాన్ని చూడగానే దొర ఆ పుల్లను కింద పడేశాడు. 

"మూత పెట్టుండ్రి దొరా" అన్నాడు అంజన్న. "పెట్టి స్టార్ట్ చేద్దాం. ఆగేదాక ఆగుదాం."

బండి అందుకుంది. ముత్యమే ఎక్కి దున్నాడు. మిగతా ఇద్దరూ వెనకే నడిచారు. మూడో వరుస చివర ఇంజన్ గొంతు బొంగురుపోయి ఆగింది. అంజన్న గబగబా వచ్చి, చెవి దగ్గరగా పెట్టి మూత తిప్పాడు. సుయ్‌మంది. శ్యాంసుందర్‌రావు కూడా ఆ చప్పుడు విన్నాడు.

"గాలి గుంజుకున్నది" అన్నాడు అంజన్న. "డీజిల్ కిందికి దిగాల్నంటె పైకెల్లి గాలి లోపటికి పోవాలె దొరా. గందుకే మూతకు బెజ్జం పెడ్తరు. అది మూసుకపోతె డీజిల్ దిగదు. మూత తీసినప్పుడల్ల గాలి పోయి మల్ల దిగుతున్నది. నేను వచ్చినప్పుడు మొట్టమొదలు మూతనే తీస్తుంటి. రోగం నా ముంగట ఎట్ల కనవడ్తది?"

మూతను వెలుతురుకు పట్టి, జేబులోంచి సన్నటి తీగ తీసి గీకాడు. పైన దుమ్ము రాలింది. దాని కింద గట్టిపడిన పసుపు, ఎర్రటి కుంకుమ పెచ్చులుగా లేచాయి. బెజ్జంలో పసుపు సిమెంటులా బిగుసుకుపోయి ఉంది.

"బొట్టు మామా!" అంజన్నకు నవ్వొచ్చింది. "దసరాకు ఎవలో మంచిగ మెత్తిండ్రు."

ఎవరో ముత్యానికి తెలుసు. ఏటా దసరా పొద్దున కిష్టవ్వ తోటకు వచ్చి బండికి పూజ చేస్తుంది. ఎప్పుడూ వేలికొసతో ఒక్క చుక్క పెట్టి ఊరుకునేది. ఈసారి ఆటోలో తీసుకొచ్చి, పీట వేసి నిలబెట్టి పట్టుకోవాల్సి వచ్చింది. కళ్లు సరిగ్గా కనపడక చేత్తో తడిమి తడిమి, మూత దొరికాక "ఇదే దీని నెత్తి" అంది. "వచ్చే దసరాకు ఉంటనో ఉండనో" అంటూ పసుపు ముద్ద తీసి అరచేత్తో మూత నిండా మెత్తింది. ముత్యం ఆమె నడుము పట్టుకుని నిలబడ్డాడు. బండి ఎప్పటికన్నా అందంగా ఉందని కూడా అన్నాడు.

"ఎవరు పెట్టిన్రు ఇంత మందం?" అడిగాడు శ్యాంసుందర్‌రావు.

"నేనే పెట్టిన దొరా" అన్నాడు ముత్యం.

దొర ఆ మూత వైపు చూశాడు, తన చేతి మరకల వైపు చూసుకున్నాడు. చెప్పవలసిన మాట ఆయన గొంతు దాకా వచ్చే ఉంటుంది. అక్కడి నుంచి బయటికి రావడం అలవాటు లేని మాట అది. "సరే. అయిందేదో అయింది. రేపటి సంది వచ్చెయ్ ముత్యం" అని, తాళంచెవి బండికే వదిలి కారు వైపు నడిచాడు. ఆ రోజు కైకిలి వాళ్లు రాలేదు. దొంగ అన్నప్పుడు విన్నవాళ్లు తోట నిండా ఉన్నారు, కాదని తేలినప్పుడు విన్నది చెట్లూ అంజన్నా.

అయినా ముత్యానికి అదేమీ పట్టలేదు. అంజన్న మూతను డీజిల్‌లో కడిగి, బెజ్జంలోంచి ఊది, బిగించాడు. బండి మిగిలిన వరుసలన్నీ ఆగకుండా దున్నింది. పొద్దు వాలుతుండగా తోట షెడ్డులో పెట్టి, ముత్యం ఇంటికి నడవలేదు, దాదాపు పరుగెత్తాడు. గుండె నిండా ఒకటే మాట. కిష్టీ, నేను తియ్యలే, చూసినవా. పసుపు సంగతి ఎందుకు, దుమ్ము అని చెబుతాను, అయిపోతుంది అనుకున్నాడు. అంతకు మించి ఆలోచించే ఓపిక ఆ సంతోషంలో లేదు.

కిష్టవ్వ వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉంది. జమున ఆమె కాళ్లకు కొబ్బరినూనె రాస్తోంది. ముత్యం చెప్పులు కూడా విప్పకుండా మంచం అంచున కూర్చున్నాడు.

"దొర రేపటి సంది రమ్మన్నడు."

"నిజమా?" కిష్టవ్వ ముఖం ఒక్కసారిగా వెలిగింది.

"బండిదే రోగం కిష్టీ. అంజన్న వట్టిండు. దొర కండ్ల ముంగటనే వట్టిండు. నేను మూత ఎందుకు తీస్తుంటి? తీస్తె బండి లేస్తదని చెప్తుంటి కదా. నువ్వు నమ్మలే. ట్యాంకు మూతకు ఒక బెజ్జం ఉంటదట. గాలి పోనీకె. అది మూసుకపోయింది."

"మూతకా?" అంది కిష్టవ్వ.

"ఆ. దుమ్ము పోయి మూసుకపోయింది."

"బానెట్ మీద ఉంటదే, గా మూతకా?"

"ఆ... గదే."

"దానికి బెజ్జం ఉంటదా?" ఆమె గొంతు మారింది. "దుమ్మెట్ల పోతది? దసరాకు నేను దాని మీద నిండ పసుపు మెత్తిన గదా. బెజ్జం ఎక్కడున్నదో నాకేం కనవడ్తది." ఆమె కుడిచేయి మోకాలి మీద నుంచి లేచి, గాలిలో ఆగింది. అరచేయిని కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది. "నేనే మూసిన్నా? నా చెయ్యి చేసిన పనికి నిన్ను దొంగన్నరా?"

ముత్యం ఆ ముఖం చూశాడు. నిన్న బస్సులో నవ్విన ముఖమే. ఇప్పుడు దాంట్లో రక్తం లేదు. ఆమెకు ఎన్ని దసరాలు మిగిలాయో డాక్టర్ జమునకు చెప్పాడు, జమున తండ్రికి చెప్పింది. ఆ కాస్త కాలం ఈమె ఆ చేయిని చూసుకుంటూ కూర్చుంటుంది. భక్తితో పెట్టిన బొట్టు మొగుడి నెత్తిన దొంగ ముద్రయిందని, పూజ చేసిన చేతిలోనే పాపముందని కుమిలిపోతుంది. ఇంకొకటి కూడా అతనికి కనిపించింది. మామిడికాయ తేని మనిషి తన కోసం ఏదో చేశాడన్న సంబరం ఆమె కళ్లలోంచి అప్పుడే జారిపోతోంది.

అతను తల దించి చెప్పుల వైపు చూశాడు. ఇంత దూరం పరుగెత్తుకొచ్చిన మాట నోట్లోనే ఉంది. దాన్ని మింగడానికి చాలా కష్టమైంది.

"లేదు కిష్టీ" అన్నాడు. "ఉత్తగనే చెప్పిన. బెజ్జం లేదు, ఏం లేదు. నేనే తీసిన డీజిల్."

కొబ్బరినూనె రాస్తున్న జమున చేయి ఆగింది. అంజన్న తోట నుంచి పోతూ దారిలో ఆమె ఇంటి దగ్గర బైకు ఆపి, జరిగిందంతా అప్పటికే ఆమెకు చెప్పి పోయాడు. బాపు నోటితోనే తల్లికి తెలియాలని చెప్పకుండా ఆగింది. "బాపు" అని నోరు తెరవబోయింది. ముత్యం ఆమె వైపు చూశాడు. జమున పెదవి కొరుక్కుని, తల వంచి మళ్లీ నూనె రాయసాగింది. కన్నీటి చుక్కలు తల్లి పాదం మీద పడుతుంటే నూనెతో కలిపి రుద్దేసింది.

"నా మొఖం చూసి చెప్పు" అంది కిష్టవ్వ.

"నేనే తీసిన. నువ్వు నమ్మాల్నని గా బెజ్జం ముచ్చట అల్లిన."

కిష్టవ్వ పెద్దగా ఊపిరి వదిలింది. చేయి మళ్లీ మోకాలి మీదికి దిగింది. "పానం గుభేలుమన్నది నాకు. నేను పెట్టిన బొట్టుతోనే నీ బతుకు ఆగమైందేమోనని." తేలిగ్గా నవ్వింది. "నీకు అబద్ధం చెప్పరాదు. నిన్ననే తెలిసింది నాకు. మల్ల దొర ఎందుకు రమ్మన్నడు?"

"మాఫ్ చేసిండు."

"సల్లగుండ." ఆమె తోట ఉన్న దిక్కుకు తిరిగి రెండు చేతులూ జోడించింది. "గొప్ప మనసు. వేరేటోడైతె ఠాణాల కూసవెడ్తుండె. రేపు పోంగనే కాళ్లు మొక్కు. ఇగ జన్మల అట్ల చెయ్యనని చెప్పు."

"మొక్కుత."

"ఉత్తగ అనుడు కాదు. మొక్కి రా."

"మొక్కుత కిష్టీ."

జమున గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.  కిష్టవ్వ మంచం మీద కాస్త జరిగి, అతనికి చోటిచ్చి, ఎవరూ వినకూడదన్నట్టు అడిగింది. తెలియక అడగలేదు. అతని నోటితో ఒకసారి వినాలని అడిగింది.

"నా కోసమే కదా తీసినవ్?"

ముత్యం చెప్పులు విప్పి మంచం కింద పెట్టాడు. ఆమె పక్కన కూర్చున్నాడు.

"నీ కోసమే" అన్నాడు.